చివరి పొర ఎవరి బాకీ? : తరిమెన కూజా రూపశుద్ధిపై ఒక నైతిక విచారణ

మన సాహిత్య విమర్శ పనివాళ్ల కొట్టాల నుంచి తెచ్చుకొన్న మాటలు తక్కువేమీ కావు. నవలాకారుడు పాత్రను చిత్రిక పట్టాడంటాం. కవి పదాన్ని చెక్కాడంటాం. వచనానికి మెరుగు పెట్టాడంటాం. ఈ మాటలు కొట్టం గడప దాటి మన వ్యాసాల్లోకి వచ్చేటప్పటికి వాటిలోని ఒక అర్థాంశం జారిపోయింది. చిత్రిక పట్టడమంటే కొయ్యను నునుపు చేయడం మాత్రమే కాదు, కొయ్యను తగ్గించడం. మెరుగుతోపాటు నష్టం కూడా ఆ పనిలో ఉంది. విమర్శకులు మెరుగును తీసుకొని నష్టాన్ని వడ్రంగికే వదిలిపెట్టారు. ఆ వదిలిపెట్టిన భాగాన్ని తిరిగి పరిశీలనకు తేవడం ఈ వ్యాసం ఉద్దేశం. అందుకు ఉపమానాన్ని కాక అసలు వస్తువునే తీసుకొంటున్నాను. అది తరిమెన మీద తీసిన ఒక కొయ్య కూజా. కూజా నిలబడుతుంది, పూలు పట్టుకొంటుంది, అమ్ముడుపోతుంది. అయినా దాని మెడకూ భుజానికీ మధ్య ఒంపు ఇంకా కుదరలేదని చేసినవాడికి తెలుసు. మరొక పొర తీయడం అతని ధర్మమా? అయితే ఆ ధర్మం ఎవరిపట్ల? దానిని అడిగే హక్కు ఎవరికుంది?

తరిమెన అంటే కొయ్యను గిరగిర తిప్పుతూ ఉలి ఆనించి గుండ్రని రూపం తీసే సాధనం. ఇప్పుడు లేతు మిషను అంటున్నారు. గోదావరి డెల్టాకు ఇది కొత్తది కాదు. పాపికొండల పైనుంచి తెప్పలుగా కట్టిన టేకు నది మీదుగా రాజమహేంద్రవరం చేరేది. కోనసీమ మండువా లోగిళ్ల స్తంభాలు, పట్టెమంచాల కోళ్లు, ఉయ్యాల కమ్ములు, కుంకుమ భరిణెలు తరిమెన రూపాలే. అయితే కూజా వంటి డొల్ల పాత్రలను రంగులతో సహా తీయడంలో పేరుపొందిన ఊరు డెల్టాకు ఈశాన్యంగా, తుని దాటాక వరాహ నది ఒడ్డున, నేటి అనకాపల్లి జిల్లాలో ఉన్న ఏటికొప్పాక. అక్కడి లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంకుడు కర్రను ఆరబెట్టి, తరిమెనకు బిగించి, ఉలితో రూపం తీసి, తిరుగుతున్న కొయ్యకే లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి పలుచని పూతగా పరుచుకొంటుంది. గింజలు, బెరళ్లు, వేళ్లు, ఆకుల నుంచి తీసిన రంగులు ఆ లక్కలో కలిసి ఉంటాయి. మీదట మొగలి ఆకుతో రుద్దితే నిగ్గు వస్తుంది. ఈ క్రమంలో లక్క పూత తప్పులను కప్పుతుందని చూసేవారు అనుకొంటారు. జరిగేది దానికి విరుద్ధం. మట్టుగా ఉన్న కొయ్య మీద కనిపించని చదును, నిగ్గు వచ్చాక బయటపడుతుంది. వెలుగు గీత ఒంపు వెంట సాఫీగా జారుతూ జారుతూ ఆ చోట విరుగుతుంది.

ఒంపు కుదరడమంటే ఏమిటో కొంత వివరంగా చూడాలి, ఎందుకంటే నైతిక ప్రశ్న ఆ వివరాల్లోనే ఉంది. కూజాకు మన భాష మూతి, మెడ, భుజం, పొట్ట, అడుగు అని శరీరపు పేర్లు పెట్టింది. వీటిలో ఏ ఒక్కటీ విడిగా అందమైనది కాదు, వికారమైనదీ కాదు. ఎనిమిది అంగుళాల ఎత్తున్న కూజాకు లావైన చోటు సరిగ్గా నాలుగో అంగుళం దగ్గర పడితే ఆకారం మీదికి లేవదు, కిందికి వాలదు. గుమ్మడికాయలా కూర్చుంటుంది. ఆ చోటును అయిదో అంగుళానికి జరిపితే అదే లావు, అదే ఎత్తు ఉన్నా కూజా ఊపిరి పీల్చినట్టు కనిపిస్తుంది. పొట్ట బయటికి వంగే గీత, మెడ లోపలికి వంగే గీత ఎక్కడో ఒక చోట దిశ మార్చుకోవాలి. ఆ మార్పు ఒక బిందువు దగ్గర జరగాలి. అక్కడ అరంగుళం చదును మిగిలితే చూపు ఆగిపోతుంది. పనివాడు దీనిని ఉలి మొన దగ్గర చూడడు. తిరుగుతున్న కొయ్య పై అంచున ఏర్పడే గీతను చూస్తాడు, వెనుక గోడ మీద ఆకాశరేఖను చూసినట్టు. చేయి ఒక చోట, కన్ను మరొక చోట. ఉలి ఎప్పుడూ లావు నుంచి సన్నం వైపు దిగాలి. నారకు ఎదురు వెళితే కొయ్య చిరుగుతుంది. చిరిగినచోటును సాపు చేయడానికి మళ్లీ పొర తీయాలి. ఒక మిల్లీమీటరు లోతు పొర తీస్తే వ్యాసం రెండు మిల్లీమీటర్లు తగ్గుతుంది. డొల్ల చేయని గుండ్రటి కొయ్యలోనైనా మందం పదోవంతు తగ్గితే వంగకుండా తట్టుకొనే బలం నాలుగోవంతుకు పైగా పోతుంది. డొల్ల మెడలో పరిస్థితి ఇంకా సున్నితం, లోపలి గోడ ఎంత దూరంలో ఉందో బయటి ఉలికి తెలియదు. అందువల్ల రూపం దగ్గరయ్యే కొద్దీ వస్తువు పోయే అవకాశమూ దగ్గరవుతుంది.

గోదావరి డెల్టాలోని ఇతర వృత్తులతో పోలిస్తే ఈ స్థితి ఎంత విలక్షణమో తెలుస్తుంది. కుమ్మరి సారె మీద కుండ ఒంపు తప్పితే మట్టిని పిసికి ముద్ద చేసి మళ్లీ మొదలుపెట్టవచ్చు. గోదావరి ఒండ్రు ఏమీ అనుకోదు. అజ్జరం ఇత్తడి సామానుకు ప్రసిద్ధి. అక్కడ బిందె చెడితే ఇత్తడి చెడదు, కరిగించి మళ్లీ పోయవచ్చు. నరసాపురం లేసులో ఒక ముడి తప్పితే దారాన్ని అక్కడిదాకా విప్పుకొని తిరిగి అల్లవచ్చు. పోయేది శ్రమ, కాలం. దారం మిగులుతుంది. కొయ్యకు మాత్రమే ఈ మూడు మార్గాలూ లేవు. తీసిన పొర పొట్టుగా కింద పడుతుంది, దానిని తిరిగి పెట్టలేం.

మన అలంకారశాస్త్రంలో దీనికి సమీపమైన చర్చ ఒకటి ఉంది. కావ్యాలంకార సూత్రకర్త వామనుడు పదాలను పెట్టడం, తీయడం గురించి చెబుతాడు. మనసు ఊగిసలాడుతున్నంతకాలం కవి ఒక పదాన్ని పెడతాడు, తీస్తాడు. పదం కదలకుండా నిలిచినపుడు రచన సిద్ధించినట్టు. పర్యాయపదాన్ని సహించని ఆ స్థితినే పాకం అన్నారు. రాజశేఖరుడు కావ్యమీమాంసలో ఈ మతాన్ని ప్రస్తావించి, వెంటనే తన భార్య అవంతిసుందరి అభ్యంతరాన్ని కూడా నమోదు చేశాడు. ఆమె దృష్టిలో పదం మార్చలేకపోవడం పాకం కాదు, అశక్తి. మహాకవులకు ఒకే విషయానికి పరిణతి గల పాఠాలు అనేకం తోస్తాయి కదా అని ఆమె వాదం. పతి గ్రంథంలో పత్ని మతం ప్రత్యేకంగా పేరుతో నిలవడం మన శాస్త్రచరిత్రలో తరచుగా కనిపించే విషయం కాదు. తరిమెన ప్రశ్నకు ఆ మతమే ఎక్కువగా పనికివస్తుంది.

వామనుడి కవికి రెండు చేతులూ ఉన్నాయి, పెట్టేది ఒకటి, తీసేది ఒకటి. తరిమెన పనివాడికి తీసే చేయి మాత్రమే ఉంది. అరిస్టాటిల్ నికొమాఖియన్ నీతిశాస్త్రం రెండవ పుస్తకంలో మంచి కృతి నుంచి ఏదీ తీసివేయలేం, దానికి ఏదీ కలపలేం అని జనం అనుకొనే మాటను గుర్తుచేసి, మధ్యమార్గమే సద్గుణమనే తన సిద్ధాంతానికి ఊతంగా వాడుకొంటాడు. విలుకాడు గురికి ఇటూ అటూ తప్పిపోవచ్చు, కానీ మరొక బాణం వేస్తాడు. కొయ్యలో ‘ఎక్కువ’ను సవరించవచ్చు, ‘తక్కువ’ను సవరించలేం. రెండు దోషాలు సమానం కానిచోట వివేకి మధ్యానికి కాస్త ఇవతలే ఆగుతాడు. ఇది పిరికితనం కాదు, లెక్క. లావు మెడ గల కూజాలు బజారులో ఎక్కువగా కనిపించడానికి పనివాడికి అందం తెలియకపోవడమే కారణమని చెప్పే పెద్దమనుషులు ఈ లెక్కను గమనించరు.

అవంతిసుందరి మాట ఇక్కడ మరో మేలు చేస్తుంది. సరైన ఒంపు ఒక్కటే అయితే దానికి చేరనివన్నీ అపచారాలవుతాయి, పనివాడు నిత్య ఋణగ్రస్తుడవుతాడు. అమరావతి ఫలకాల మీది పూర్ణఘటాన్ని చూడండి. నిండు పొట్ట, కురచ మెడ, వెలుపలికి విచ్చుకొన్న మూతి. అది పరిణత రూపమే. మంచినీళ్ల కూజాకు పొడుగు మెడ, గుడి కలశానికి మొనదేలిన శిఖ. అవీ పరిణత రూపాలే. వీటిలో ఒకటి మరొకదానికి తప్పు కాదు. ఒప్పులు అనేకం ఉన్నా తప్పు మాత్రం తప్పుగానే కనిపిస్తుంది. పరిపూర్ణత మీద పదిమందికి పది అభిప్రాయాలుంటాయి. దిశ మారేచోట మిగిలిపోయిన చదును మీద పదిమందీ ఏకాభిప్రాయానికి వస్తారు, వేలు పెట్టి చూపలేకపోయినా ‘ఎక్కడో ఏదో’ అంటారు. కాబట్టి రూపశుద్ధి అంటే ఆదర్శరూపాన్ని అందుకోవడం కాదు, ఎంచుకొన్న రూపానికి ఎదురు మాట్లాడే అంశాలను తొలగించడం. ఇలా చూస్తే బాధ్యత చిన్నదవుతుంది, స్పష్టమూ అవుతుంది.

కొయ్య స్వభావం ఈ విషయాన్ని మరింత సడలిస్తుంది. ఆరే కొయ్య అన్ని దిక్కులా సమానంగా కుంచించుకుపోదు. చాలా జాతుల్లో ఏటి వలయాల వెంట కుదింపు, వలయాలకు అడ్డంగా ఉండే కుదింపుకు దాదాపు రెట్టింపు. నిన్న తరిమెన మీద ఖచ్చితమైన వృత్తంగా ఉన్న మూతి కొన్ని నెలలకు కోడిగుడ్డు వైపు ఒక అడుగు వేస్తుంది. పచ్చిగా తీసినదైతే మరీను. ఆరబెట్టిన కర్రకూ పూర్తి విముక్తి లేదు. గోదావరి జిల్లాల శ్రావణపు తేమ, వైశాఖపు సెగ దానిని ఏటా కొద్దిగా కదుపుతూనే ఉంటాయి. పనివాడు ఆగినచోట పని ఆగదు. మిల్లీమీటరులో పదోవంతు కోసం అతణ్ణి పీడించే పరిశీలకుడు, వచ్చే వేసవి చేయబోయే మార్పుతో పోటీపడుతున్నాడు.

ఇక మొదటి ప్రశ్న. చివరి పొర ఎవరి బాకీ? కొన్నవాడి బాకీ అని సులభంగా అనవచ్చు. కొన్నవాడికి రావలసింది కొంత తప్పకుండా ఉంది. అడుగు సమంగా ఉండి కూజా ఒరగకూడదు, మూతి అంచు వేలిని గీయకూడదు, లక్క రాలకూడదు. పిల్లల చేతికి వెళ్లే వస్తువైతే ఈ జాగ్రత్త ఇంకా పెరగాలి. ఇవి బేరానికి అతీతమైనవి, వెల తగ్గించుకొన్నా వదులుకోరానివి. భుజం ఒంపులోని చదును ఈ వర్గానికి చెందదు. దానివల్ల ఎవరికీ హాని లేదు. కొన్నవాడు గమనించకపోవచ్చు, గమనించినా పేరు పెట్టలేకపోవచ్చు. వస్తువుకే బాకీ అని చెప్పేవారున్నారు, ఆ చెట్టు ఇచ్చిన కర్రకు న్యాయం చేయాలంటారు. ఈ మాటలో భక్తి ఉంది కానీ వాదం లేదు. కొయ్యకు ప్రయోజనం లేదు, దానికి అన్యాయం జరిగిందని చెప్పడం అలంకారం. సంప్రదాయానికి బాకీ అన్నది ఇంకొంచెం బలమైన వాదం. వంద కూజాలు చూసి పెరిగే కుర్రవాడి కన్ను ఆ వందలోని చదునునే ఒంపుగా నేర్చుకొంటుంది. ఈ కారణాన్ని నేను ఒప్పుకొంటాను. రూపదోషం ఒక కూజాలో ఆగదు, చూపులో కొనసాగుతుంది. చేసినవాడు మరో చేసేవాడికి బాకీ పడతాడు, కొనేవాడికి కాదు.

బాకీ ఉందనడం వేరు, దానిని వసూలు చేసే అధికారం ఎవరికో ఉందనడం వేరు. వృత్తికళలపై మన ప్రసంగాలు ఈ రెంటినీ కలిపేస్తాయి. కూజా ఒక్కింటికి ఇంత అని కూలి కట్టే ఏర్పాటును ఊహించండి. చివరి పొరకు పట్టే సమయానికి అందులో లెక్క లేదు. ఆ పొరలో మెడ తెగితే పోయేది కర్ర ఒక్కటే కాదు, అంతకుముందు పట్టిన సమయమంతా. ఆ నష్టం పనివాడిదే. ఒంపు కుదిరితే లాభం ఎవరిది? బొమ్మను అద్దాల బీరువాలో పెట్టి మూడింతలకు అమ్మేవాడిది. ఇలాంటి చోట పనివాడు ఒక పొర ముందే ఆగడం అతని నీతి లోపం కాదు. లావు మెడను శైలీలక్షణంగా వర్ణించే పరిశోధకుడు, నష్టం ఎవరి పద్దులో రాసి ఉందో కూడా ఆ మెడలో చదవవచ్చు. రూపం చాలాసార్లు అభిరుచి కన్నా ముందు పద్దు పుస్తకాన్ని అనుసరిస్తుంది.

నరసాపురం లేసు ఇక్కడ మళ్లీ గుర్తుకు రాక తప్పదు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ 1982లో ప్రచురించిన ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ గ్రంథంలో, ప్రపంచ విపణి కోసం అల్లే స్త్రీల పనిని ‘తీరిక వేళ’ పనిగా చూడటం ద్వారా దాని విలువను ఎలా తక్కువచేశారో చూపింది. అల్లిక ఎంత సన్నగా ఉంటే అంత మెచ్చుకోలు, ఆ సన్నదనానికి పట్టిన కంటిచూపు మాత్రం ఇంటి ఖాతాలో. దారం విప్పుకోగల పనిలోనే ఇలా ఉంటే, విప్పుకోలేని పనిలో చెప్పవలసింది ఏముంది?

నిష్కామకర్మను ఈ సందర్భంలో ఉటంకించడం మన వేదికల మీద పరిపాటి. ఫలం ఆశించక పనిని పనికోసం చేయమని బోధ. గీతార్థం మీద ఇక్కడ వాదించబోను. ఒక చిన్న వ్యాకరణ విషయం మాత్రం చెబుతాను. ఫలాపేక్ష వదలమనే మాట కర్తకు తనలో తాను చెప్పుకోవడానికి పనికివస్తుంది. అదే మాటను కూలి ఇవ్వవలసినవాడు పనివాడితో అంటే, ఫలాన్ని వదులుకొనేవాడు ఒకడు, అందుకొనేవాడు మరొకడు అవుతాడు. ఉత్తమపురుషలో ధర్మమైనది మధ్యమపురుషలో దోపిడీ కాగలదు.

జాన్ రస్కిన్ 1853లో వెలువడిన ‘ది స్టోన్స్ ఆఫ్ వెనిస్’ రెండవ సంపుటంలో, ఖచ్చితమైన నగిషీని కేవలం నగిషీ కోసం ఎన్నడూ కోరవద్దని, పరిపూర్ణతను బలవంతపెట్టడం పనివాణ్ణి పనిముట్టుగా మారుస్తుందని వాదించాడు. పై చర్చకు ఇది బలాన్నిచ్చేదే. అయితే రస్కిన్ నగిషీని, కల్పనను ఎదురెదురుగా నిలిపాడు. తరిమెన మీద ఆ విభజన అంత సులభం కాదు. నునుపు వేరు, ఒంపు వేరు. ఉప్పుకాగితం ఎంతసేపు రుద్దినా నునుపు వస్తుంది, ఒంపు రాదు. పైగా అంచుల పదును అరిగి ఉన్న ఒంపు కూడా మెత్తబడుతుంది. ఒంపు వచ్చేది ఉలితో, కంటితో, ఆగవలసిన క్షణాన్ని ఎంచుకోవడంతో. నునుపును మితిమీరి కోరేవాడికి రస్కిన్ మందలింపు తగును. ఒంపు కోసం పనివాడు తనంత తాను మరో పొర తీస్తే అది పనిముట్టు లక్షణం కాదు, ఆ పూట అతను చేసిన పనుల్లో అన్నిటికన్నా స్వతంత్రమైనది అదే.

ఆంగ్ల రచయిత డేవిడ్ పై 1968లో ‘ది నేచర్ అండ్ ఆర్ట్ ఆఫ్ వర్క్‌మన్‌షిప్’లో చేసిన విభజన ఈ విషయాన్ని మరింత తేటపరుస్తుంది. ఫలితం చివరిక్షణం దాకా పనివాడి జాగ్రత్త మీద ఆధారపడేది ప్రమాదపు పనితనం. ఫలితం ముందే యంత్రంలో స్థిరపడినది నిశ్చయపు పనితనం. తాడు లాగే పాత తరిమెన కాలంలో ఒకరు తాడు లాగితే మరొకరు ఉలి పట్టేవారు, ప్రమాదం ఇద్దరిది. కరెంటు మోటారు రెండో మనిషిని తీసివేసింది, ప్రమాదాన్ని తీసివేయలేదు. నమూనాను చూసి అచ్చంగా అదే గీతను తీసే యంత్రం ప్రమాదాన్ని కూడా తీసివేస్తుంది. అప్పుడు ఒంపు కుదిరిందా లేదా అన్న ప్రశ్న వేయి కూజాలకు ఒక్కసారే, నమూనా తీసేవాడి ముందు నిలుస్తుంది. అతనికి చదును కనిపించకపోతే వేయి ఇళ్లలో అదే చదును. ఇంతకుముందు చెప్పిన చూపు బాకీ ఇక్కడ వేయింతలు. అయినా యంత్రాన్ని నిందించే వ్యాసాలు చాలు. లావు మెడలో దాగిన నష్టభయం యంత్రపు మెడలో ఉండదన్నది కూడా నిజమే. సన్నని మెడను యంత్రం నిర్భయంగా తీస్తుంది.

చేతిపనికి సన్నని మెడ కావాలనుకొనేవారు చేయవలసింది దీన్నిబట్టి తేలుతుంది. కూజాను ఆర్డరు చేసే సంస్థలు నమూనా చిత్రం పంపి, కొలతలు రాసి, తిరస్కరించిన వాటికి డబ్బు చెల్లించమని షరతు పెట్టడం తెలిసినదే. ఆ షరతు తిరగబడాలి. మెడ ఇంత సన్నగా ఉండాలని కోరినవాడు, అంత సన్నగా తీయబోతూ పోయిన కొయ్యకూ పోయిన పూటకూ వెల కట్టాలి. పది కూజాలు కావాలంటే పన్నెండింటి కూలి లెక్కవేయాలి. ఎన్ని పోతాయో ముందు తెలియదు కనుక, ఆ సంఖ్యను తేల్చవలసింది కాగితం మీద గీసినవాడు కాదు, ఉలి పట్టినవాడు. మిగిలిన రెండు కూజాలు మెడ తెగకుండానే పూర్తయితే అవి అతనివి. వాటిలో ఒకదాని మీద మరో పొర తీయాలా వద్దా అన్నది ఇక అతనొక్కడే తేల్చుకొనే విషయం.